14 లారీలకు ట్రాకింగ్: 16 వారాల ప్రాజెక్టు డైరీ

1వ వారం: కొనడానికి ముందు

మా రవాణా సంస్థలో 14 లారీలు ఉన్నాయి. వాటిలో 9 పాతవి, 5 ఈ మధ్య కాలంలో కొన్నవి. ఇన్నాళ్లూ బండి ఎక్కడుందో తెలుసుకోవాలంటే డ్రైవర్‌కు ఫోన్ చేయడం తప్ప మాకు మరో మార్గం లేదు. బండి నడుపుతున్న మనిషి చేత ఫోన్ ఎత్తించడం ఎంత ప్రమాదమో తెలిసి కూడా, సరుకు యజమానులు అడిగినప్పుడల్లా రోజుకు ఐదారు సార్లు ఆ పని చేస్తూ వచ్చాము. ప్రతి లారీకి, అది ఎక్కడుందో ఆఫీసుకు తెలిపే జీపీఎస్ ట్రాకర్ బిగించే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి నాకు కనిపించిన మొదటి కారణం అదే. డీజిల్ ఖర్చు రెండో కారణం.

పరికరాల జాబితాలు చూడకముందే మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. బండి కదలకుండా ఇంజను తిరిగిన గంటలు ఎన్ని? ఏ ట్రిప్పులో, ఏ పరిస్థితిలో డ్రైవర్ వేగం పెంచుతున్నాడు? విరామం లేకుండా ఎంతసేపు నడుపుతున్నాడు? ఈ మూడింటిలో దేనికీ జవాబు చెప్పని పరికరం ఎంత చవకగా వచ్చినా కొనకూడదని నిర్ణయించుకున్నాను.

ఇంకొక పని కూడా ఈ వారమే మొదలుపెట్టాను. ప్రతి లారీకి ఒక నోటుపుస్తకం ఇచ్చి, డీజిల్ పోయించిన ప్రతిసారీ లీటర్లు, ఓడోమీటర్ అంకె, లోడు బరువు రాయమని కోరాను. ట్యాంకును ప్రతిసారీ పూర్తిగా నింపితేనే ఈ లెక్క నిలబడుతుంది కనుక ఆ నియమం కూడా పెట్టాను. ట్రాకర్లు బిగించాక ఏదో మిగిలిందని చెప్పుకోవాలంటే, బిగించక ముందు ఎంత ఖర్చయ్యేదో తెలిసి ఉండాలి కదా.

2వ వారం: ఎంపిక

నెలనెలా చందా తీసుకుని పరికరం, సర్వర్, మ్యాపు అన్నీ తామే చూసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. వంద బండ్లున్న వారికి అది సుఖమైన మార్గమే. అయితే 14 లారీలకు చందా కడుతూ పోతే మూడేళ్లలో పరికరం ఖరీదుకు ఎన్నో రెట్లు దాటుతుందని, ఒప్పందం ముగిశాక పాత సమాచారం మన చేతికి రాకపోవచ్చని లెక్క చూసుకున్నాక, సొంత సర్వర్ వైపు మొగ్గాను. ట్రాక్‌కార్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వందల రకాల ట్రాకర్లను గుర్తిస్తుంది. ఒక్కో ప్రోటోకాల్‌కు (ట్రాకర్ సమాచారం పంపే పద్ధతికి) ఒక్కో పోర్టు (సర్వర్‌లోకి వచ్చే దారి) కేటాయిస్తుంది. చిన్న అద్దె సర్వర్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

సిమ్ డేటా గురించి నాకున్న భయం లెక్క వేశాక తీరిపోయింది. 30 సెకన్లకు ఒక సారి స్థానం పంపితే గంటకు 120, పది గంటల పనికి 1,200 సందేశాలు. ఒక్కోటి సుమారు 100 బైట్లు అనుకుంటే రోజుకు 120 కిలోబైట్లు, నెలకు నాలుగు మెగాబైట్లకు లోపే. నెట్‌వర్క్ అదనపు భారాన్ని కలిపినా పది దాటదు. అతి చిన్న డేటా పథకం చాలు. చాలా దేశాల్లో 2జీ సేవలను మూసివేస్తున్నందువల్ల, కొంచెం ఖరీదెక్కువైనా 4జీ పరికరాలనే ఎంచుకున్నాను.

అన్ని లారీలకూ అన్నీ అక్కర్లేదు. 14 బండ్లకూ సాధారణ ట్రాకర్; కొత్త 5 లారీలకు అదనంగా, ఇంజను కంప్యూటర్ చెప్పే అంకెలను చదివే క్యాన్ బస్ రీడర్; దూర ప్రయాణాలు చేసే 4 పాత లారీల ట్యాంకుల్లో ఇంధన సెన్సర్. డ్రైవర్ వైపు తిరిగి ఉండే కెమెరాలను ఈ దఫా వద్దనుకున్నాను. మనుషుల నమ్మకం సంపాదించక ముందే వారి ముఖం మీద కెమెరా పెట్టడం నాకు సరైన వరుసగా తోచలేదు.

3వ వారం: డ్రైవర్లతో సమావేశం

పరికరాలు రాకముందే డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. అందరికంటే అనుభవం ఉన్న డ్రైవర్ మొదట అడిగిన మాట ఇది: "సార్, పైనుంచి శాటిలైట్ మమ్మల్ని చూస్తూ ఉంటుందా?"

ఈ అనుమానం చాలా మందిలో ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ సమయాన్ని, తమ కక్ష్య వివరాలను ప్రసారం చేస్తాయని, అవి ఎవరినీ చూడవని వివరించాను. లారీలోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి వచ్చిన సంకేతాల ప్రయాణ కాలాన్ని పోల్చి తన స్థానాన్ని తానే లెక్కగట్టుకుంటుంది. ఆ స్థానాన్ని మా ఆఫీసుకు పంపేది ఉపగ్రహం కాదు, పరికరంలో ఉన్న సిమ్. కాబట్టి ఏది పంపాలి, ఎంతకాలం దాచాలి అన్నది మన చేతిలోనే ఉంటుంది.

ఆ రోజు ఒప్పుకున్న విషయాలను రాసి గోడకు అంటించాము. డ్యూటీ దిగిన తర్వాత డ్రైవర్ బండిని ఇంటికి తీసుకువెళ్లినా ఆ సమయపు స్థానాన్ని ఎవరూ చూడరు. పూర్తి స్థాన సమాచారం 90 రోజుల తర్వాత చెరిగిపోతుంది, ట్రిప్పుల సారాంశం మాత్రం ఉంటుంది. ఎవరి బండి సమాచారాన్ని వారు ఎప్పుడైనా చూడవచ్చు. ట్రాకర్ చెప్పిన అంకె ఒక్కదాని ఆధారంగా ఎవరి జీతమూ కోయము. ఈ చివరి మాట ఇచ్చినప్పుడు దాని బరువు నాకు పూర్తిగా తెలియదు.

4వ వారం: బిగింపు

లారీల్లో ఉండేది 24 వోల్టుల వ్యవస్థ. ఇంజను తిరుగుతూ ఆల్టర్నేటర్ చార్జి చేస్తున్నప్పుడు అది 28 వోల్టుల దరిదాపులకు చేరుతుంది. బ్యాటరీ కనెక్షన్ వదులైతే క్షణకాలం అంతకంటే చాలా ఎక్కువకు ఎగసిపడుతుంది. కార్ల కోసం చేసిన 12 వోల్టుల పరికరాన్ని చవకగా వస్తోందని లారీకి పెడితే అది ఎక్కువ కాలం బతకదు. మేము 36 వోల్టుల వరకు తట్టుకునేవి తీసుకుని, ప్రతి దానికీ బ్యాటరీ పక్కనే చిన్న ఫ్యూజు వేశాము. ఫ్యూజు పరికరం దగ్గర వేస్తే మధ్యలో ఉన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు దానికి రక్షణ ఉండదు. నిప్పు పుట్టేది అలాంటి చోట్లే.

యాంటెన్నా ఆకాశం వైపు చూడాలి, దాని పైన ఇనుప రేకు ఉండకూడదు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, అద్దానికి దగ్గరగా పెట్టడం సరిపోయింది. మొదటి రోజు రెండు లారీలకు మాత్రమే పూర్తయింది. చేయి తిరిగాక రోజుకు నాలుగు చేయగలిగాము.

కొత్త లారీల విషయం వేరు. వాటిలో ఇంజను, బ్రేకులు, గేర్‌బాక్సు తమలో తాము మాట్లాడుకునే రెండు తీగల క్యాన్ బస్ ఉంటుంది. భారీ వాహనాల్లో ఆ సంభాషణకు వాడే భాష జె1939 ప్రమాణం. తీగలను కోయకుండా, వాటి ఇన్సులేషన్ మీదే పట్టుకుని సంకేతాన్ని వినే రీడర్లు దొరుకుతాయి. అవి వింటాయే గాని ఏమీ పంపలేవు. బ్రేకుల వ్యవస్థ మాట్లాడుకునే తీగల మీదకు బయటి పరికరం ఏ సందేశమూ పంపలేకపోవడమే నాకు కావలసిన భద్రత. దీనితో ఇంజను వేగం, మొత్తం వాడిన ఇంధనం, ఇంజను గంటలు ఇంజను కంప్యూటర్ నోటి నుంచే తెలుస్తాయి.

5, 6 వారాలు: అంకెలు వచ్చాయి, సగం తప్పులు

మ్యాపు మీద 14 చుక్కలు కదులుతుంటే చూడటానికి చాలా సంతోషం కలిగింది. మూడో రోజు నివేదిక తీసి చూశాక ఆ సంతోషం తగ్గింది. ఈ రెండు వారాలూ తప్పులు వెతకడంతోనే గడిచాయి. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఈ కాలాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

ఒక లారీ రాత్రంతా షెడ్డులో నిలబడి ఉండగా ఎనిమిది కిలోమీటర్లు తిరిగినట్టు చూపింది. జీపీఎస్ స్థానం కొన్ని మీటర్ల మేర అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఇనుప కప్పు కింద సంకేతాలు గోడల మీద పడి తిరిగి వస్తాయి కాబట్టి ఆ ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. ప్రతి ఊగునూ ప్రయాణంగా కూడితే కిలోమీటర్లు పోగుపడతాయి. ఇంజను ఆగి ఉన్నప్పుడు స్థానాన్ని గడ్డకట్టించే అమరికతో ఇది పోయింది.

దీనికి విరుద్ధమైన తప్పు రోడ్డు మీద కనిపించింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 30 సెకన్లలో దాదాపు 670 మీటర్లు పోతుంది. ఆ మధ్యలో మలుపు ఉంటే మ్యాపు దాన్ని అడ్డంగా కోసి నేరుగా గీత గీస్తుంది; దూరం తక్కువ వస్తుంది; మైలేజీ తప్పుతుంది. బండి దిశ 15 డిగ్రీలు మారినప్పుడల్లా అదనంగా ఒక స్థానం పంపమని పరికరానికి చెప్పాక, ఓడోమీటర్‌కూ ట్రాకర్‌కూ తేడా ఒక శాతానికి దిగింది.

సమయం గురించి రెండు చిక్కులు వచ్చాయి. పరికరాలు ప్రపంచ ప్రామాణిక సమయాన్ని పంపుతాయి. దాన్ని స్థానిక సమయంలోకి మార్చకుండా రోజువారీ నివేదిక తీస్తే ఒక రోజు ట్రిప్పు రెండు రోజుల్లోకి చీలిపోతుంది. ఇక పరీక్ష కోసం ఎవరో ఇచ్చిన ఒక పాత ట్రాకర్ దాదాపు ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపింది. జీపీఎస్ పాత సంకేతంలో వారాల సంఖ్యకు పది బిట్లే ఉంటాయి, కాబట్టి 1,024 వారాలకు ఒక సారి అది తిరిగి సున్నాకు వస్తుంది. చివరిసారి 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. ఆ మార్పును ఎరగని పరికరాలు వెనక్కి వెళ్లిపోతాయి. దాన్ని తిరిగి ఇచ్చేశాము.

అన్నింటికంటే ముఖ్యమైన తప్పు ఐడ్లింగ్ (బండి కదలకుండా ఇంజను తిరగడం) లెక్కలో దొరికింది. తాళం తిప్పి ఉంటే ఇంజను తిరుగుతున్నట్టే ట్రాకర్ భావిస్తోంది. ఒక డ్రైవర్ విరామంలో రేడియో వినడానికి తాళం సగం తిప్పి ఉంచితే, అది రెండు గంటల ఐడ్లింగ్‌గా నమోదైంది. ఇప్పుడు పాత లారీల్లో తాళం సంకేతంతో పాటు వోల్టేజీ కూడా చూస్తున్నాము: ఆల్టర్నేటర్ చార్జి చేస్తున్న స్థాయికి చేరితేనే ఇంజను తిరిగినట్టు. కొత్తవాటిలో ఇంజను వేగమే తెలుస్తోంది కనుక ఆ ఇబ్బంది లేదు. ఈ దిద్దుబాటు చేయకముందే నివేదికను గోడకు అంటించి ఉంటే మూడో వారంలో నేను ఇచ్చిన మాట ఆరో వారానికే నీరుగారిపోయేది.

7వ వారం: ట్యాంకులో కొలత

ట్యాంకు లోపల నిలువుగా దిగే గొట్టం లాంటి సెన్సర్ ఇది. డీజిల్ ఎంత ఎత్తు వరకు ఉందో విద్యుత్ ధారణశక్తిలో వచ్చే మార్పును బట్టి చెబుతుంది. ఆ ధారణశక్తిని పదార్థం ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె, అంటే డైఎలక్ట్రిక్ స్థిరాంకం, డీజిల్‌కు 2 చుట్టూ ఉంటే నీటిది సుమారు 80. అంటే ట్యాంకు అడుగున కొంచెం నీరు చేరినా కొలత చెడిపోతుంది. అందుకని ముందు ట్యాంకులను ఖాళీ చేసి కడిగించాము.

ఆ తర్వాత 20 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ ఇంధనం నిలకడగా అయ్యేదాకా ఆగి సెన్సర్ అంకె రాసుకున్నాము. 400 లీటర్ల ట్యాంకుకు 20 మెట్లు. ట్యాంకు మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అడుగున, పైన ఒక సెంటీమీటరుకు పట్టే లీటర్లు, మధ్యలో పట్టే లీటర్లు ఒకటి కావు. ఒక్కో ట్యాంకుకు సగం రోజు పట్టింది. ఒక లారీ పట్టికను రెండో లారీకి వాడదామని మా ఎలక్ట్రీషియన్ అన్నాడు. పోల్చి చూస్తే ఒక చోట 14 లీటర్ల తేడా వచ్చింది. నాలుగింటికీ విడివిడిగా చేశాము.

మూడు లారీల్లో సెన్సర్‌ను ట్యాంకు వెనుక చివరన బిగించాము. మధ్యలో ఫ్లోటు (డాష్‌బోర్డు ముల్లుకు ఇంధన మట్టం తెలిపే తేలే బంతి) అడ్డం వచ్చిందన్నది కారణం. అది ఎంత పెద్ద పొరపాటో రెండు వారాల తర్వాత తెలిసింది.

9వ వారం: 21 లీటర్లు

ఈ భాగాన్ని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టు అంతటిలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే.

ఒక రాత్రి 2 గంటల 40 నిమిషాలకు, దారిలో ఆగి ఉన్న లారీ ట్యాంకులో పది నిమిషాల్లో 21 లీటర్లు తగ్గినట్టు హెచ్చరిక వచ్చింది. నడుపుతున్నది మూడో వారంలో ఉపగ్రహం గురించి అడిగిన ఆ పెద్ద డ్రైవరే. మర్నాడు తిరిగి వచ్చాక ఆయన్ని ఆఫీసుకు పిలిచి, నలుగురూ ఉండగానే, రాత్రి డీజిల్ ఏమైందని అడిగాను. ప్రశ్నలాగే అడిగాననుకున్నాను గాని నా గొంతులో నిర్ణయం ఉంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సార్, ఆ సమయానికి నేను నిద్రలో ఉన్నాను. అంతకుముందు పక్క బండికి దారివ్వడానికి లారీని కొంచెం ముందుకు తీశాను. నేను చేసింది అంతే. మీ పుస్తకంలో రాసిన డీజిల్ నేనే పోయించాను, మీరే మైలేజీ కట్టి చూడండి," అన్నారు.

పుస్తకం తీశాను. ఆ ట్రిప్పు మైలేజీ ఎప్పటిలాగే ఉంది. 21 లీటర్లు పోయి ఉంటే అది కనిపించి తీరాలి. అప్పుడు సెన్సర్ రేఖను హెచ్చరిక దగ్గర ఆపకుండా తెల్లవారే వరకు చూశాను. ఉదయం లారీ కదిలిన ఐదు నిమిషాలకు, ఎవరూ ఏమీ పోయకుండానే, మట్టం 20 లీటర్లు పెరిగింది. మా హెచ్చరిక నియమం తగ్గుదలను మాత్రమే చూస్తుంది, పెరుగుదలను పట్టించుకోదు.

ఆ మధ్యాహ్నమే షెడ్డు బయట ఉన్న ఏటవాలు దారి మీద పరీక్ష చేశాము. ఆ వాలు ఐదు శాతం, అంటే మీటరుకు ఐదు సెంటీమీటర్లు. ట్యాంకు పొడవు 1.2 మీటర్లు. బండి ముక్కు కిందికి వాలితే ఇంధనం ముందుకు చేరి, ట్యాంకు మధ్య నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో వెనుక చివరన మట్టం 3 సెంటీమీటర్లు పడిపోతుంది. ట్యాంకు వెడల్పు 60 సెంటీమీటర్లు కాబట్టి ఆ 3 సెంటీమీటర్ల విలువ సెన్సర్ దృష్టిలో దాదాపు 21 లీటర్లు. లెక్క, పరీక్ష, రాత్రి వచ్చిన హెచ్చరిక మూడూ ఒకే అంకె దగ్గర కలిశాయి. ఆయన లారీని ముందుకు తీసి నిలిపిన చోటు పల్లంగా ఉందన్నమాట.

నలుగురిలో అడిగిన మాటకు క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలి కనుక మర్నాడు డ్రైవర్లందరి ముందూ ఆయనకు క్షమాపణ చెప్పాను, రేఖను తెర మీద చూపించి ఏం జరిగిందో వివరించాను. ఆయన తల ఊపి, "ఇంకొకరికి జరగకుండా చూడండి," అన్నారు.

చేసిన మార్పులు ఇవి. మూడు లారీల్లో ఫ్లోటును జరిపి సెన్సర్‌ను ట్యాంకు మధ్యకు మార్చి, క్రమాంకనం (లీటర్లు పోస్తూ సెన్సర్ అంకె రాసుకునే పని) మళ్లీ మొదటి నుంచి చేశాము. తగ్గుదల కనిపించాక బండి కనీసం ఐదు కిలోమీటర్లు నడిచి, అప్పటికీ సగటు మట్టం కోలుకోకపోతేనే హెచ్చరిక లెక్కలోకి వస్తుంది. పది లీటర్ల లోపు తేడాలను అసలు చూడము. దానికి మరో కారణం కూడా ఉంది: డీజిల్ చల్లబడితే కుంచించుకుంటుంది. 400 లీటర్లు 15 డిగ్రీలు చల్లబడితే దాదాపు ఐదు లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. పగటి వేడిలో నింపిన ట్యాంకును తెల్లవారుజామున చూసి ఎవరినీ అనుమానించకూడదు.

10వ వారం: నిలబడి తాగే డీజిల్

పెద్ద లారీ ఇంజను ఊరికే తిరుగుతుంటే గంటకు సుమారు మూడు లీటర్లు తాగుతుంది. దిద్దిన లెక్క ప్రకారం మా లారీలు సగటున రోజుకు 1.6 గంటలు ఇలా నిలబడి ఉన్నాయి. 14 బండ్లకు రోజుకు 67 లీటర్లు. ఇందులో సగానికి పైగా లోడింగు వరుసల్లో జరుగుతోంది. వరుస ఎప్పుడు కదులుతుందో తెలియక డ్రైవర్లు ఇంజను ఆపడం లేదు. ఎయిర్ బ్రేకులకు గాలి నిండటానికి కొంత సమయం కావాలి కదా అన్నది వారి వాదన. అది నిజమే. కానీ గాలి ఒక సారి నిండితే లీకు లేని బండిలో గంట తర్వాత కూడా నిలిచే ఉండాలి. పరీక్షిస్తే రెండు లారీల్లో నిజంగానే లీకు ఉంది. ఐడ్లింగ్ నివేదిక వల్ల బ్రేకుల లోపం బయటపడింది. ఆ రెండు బండ్లను రోడ్డు ఎక్కనివ్వకుండా ముందు బాగుచేయించాము.

11వ వారం: వేగం ఎక్కడి నుంచి వస్తోంది

వేగ పరిమితిని గంటకు 70 కిలోమీటర్లకు పెట్టాను. 80 నుంచి 70కి తగ్గితే గాలి నిరోధం మీద కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి 23 శాతం తగ్గుతుంది. ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి కూడా అంతే తగ్గుతుంది, ఎందుకంటే రెండూ వేగం వర్గాన్ని అనుసరిస్తాయి. పరిమితి దాటి 20 సెకన్లు నిలిస్తేనే క్యాబిన్‌లో చిన్న బజర్ మోగుతుంది. ఓవర్‌టేక్ చేస్తున్న క్షణాన్ని తప్పుగా రాయడం న్యాయం కాదు. ఫోన్ సందేశాలు పంపడం లేదు. మొదటి వారంలో ఏ ప్రమాదాన్ని తప్పించాలనుకున్నామో దాన్ని మళ్లీ మనమే తెచ్చిపెట్టుకోకూడదు.

వేగం దాటిన ట్రిప్పులను లోడింగు సమయాల పక్కన పెట్టి చూస్తే నేను ఊహించని చిత్రం కనిపించింది. లోడింగు చోట్ల చుట్టూ 150 మీటర్ల వృత్తం గీసి, బండి ఎప్పుడు లోపలికి వెళ్లింది, ఎప్పుడు బయటికి వచ్చింది అన్నది నమోదు చేస్తున్నాము. రెండు గంటలకు మించి లోపల నిలిచిపోయిన రోజుల్లోనే వేగం హెచ్చరికలు గుంపులుగా వచ్చాయి. సమయానికి బయల్దేరిన రోజుల్లో అదే డ్రైవర్, అదే దారి, ఒక్క హెచ్చరికా లేదు. ఆలస్యం ఎక్కడో జరిగితే దాన్ని రోడ్డు మీద పూడ్చుకోవలసిన భారాన్ని మేము డ్రైవర్ మీద వేస్తున్నాము.

అందుకని నియమాన్ని డ్రైవర్‌కు కాకుండా ఆఫీసుకు పెట్టాము. వృత్తం దాటి బయటికి వచ్చిన క్షణం నుంచి చేరే సమయాన్ని తిరిగి లెక్కగట్టి సరుకు తీసుకునేవారికి మేమే తెలియజేస్తాము. లోపల ఎంతసేపు ఆగిందో చూపే నివేదికను లోడింగు చోటుకూ పంపుతున్నాము. వాదన లేకుండా ఒక చోట వరుస తగ్గింది కూడా.

విరామాల గురించి ఐరోపా సమాఖ్య 2007 నుంచి అమలు చేస్తున్న పద్ధతినే మాకు కొలమానంగా తీసుకున్నాము: నాలుగున్నర గంటల డ్రైవింగు తర్వాత 45 నిమిషాల విరామం, కావాలంటే దాన్ని ముందు 15, తర్వాత 30గా విడగొట్టుకోవచ్చు. ఎక్కడ ఆగాలన్నది ట్రిప్పు మొదలవక ముందే డ్రైవర్‌తో కలిసి నిర్ణయిస్తున్నాము. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి దిగజారుతుందని 1990లలో చేసిన పరిశోధనలు చూపాయి. లోడింగు వరుసలో మెలకువగా గడిపిన గంటలు డ్రైవింగు లెక్కలోకి రావు గాని శరీరం వాటిని లెక్కపెట్టుకుంటుంది. వృత్తంలో గడిచిన సమయాన్ని కూడా కలిపి రోజు పొడవును చూడటం అందుకే మొదలుపెట్టాము.

12వ వారం: ఇంజను ఆపే రిలే, పాస్‌వర్డులు

ట్రాకర్‌తో పాటు, దూరం నుంచి ఇంజను ఆపే రిలే (విద్యుత్ స్విచ్) ఉచితంగా వచ్చింది. బిగించలేదు. నడుస్తున్న లారీలో ఇంజను ఆగిపోతే స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. గాలి కంప్రెసర్ ఆగి, నిల్వ ఉన్న గాలి అయిపోయే దాకానే బ్రేకులు మన చేతిలో ఉంటాయి. దొంగతనం భయం ఉన్నవారు ఈ రిలే వాడదలిస్తే, బండి నిలబడి ఉన్నప్పుడు తిరిగి స్టార్ట్ కానివ్వకుండా చేసే విధంగా మాత్రమే వాడాలి.

పరికరాలన్నింటిలో ఎస్సెమ్మెస్ ఆదేశాలకు ఒకే తయారీ పాస్‌వర్డు ఉంది. దాన్ని మార్చకపోతే సిమ్ నంబరు తెలిసిన ఎవరైనా అమరికలు మార్చగలరు. 2022లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ (CISA) ఒక వాహన ట్రాకర్‌లో సరిగ్గా ఇలాంటి లోపాల గురించే హెచ్చరిక జారీ చేసింది. 14 పాస్‌వర్డులూ మార్చి, ఆదేశాలు రెండు నంబర్ల నుంచి మాత్రమే చెల్లేలా చేశాము.

13 నుంచి 15 వారాలు: బ్రేకుల మ్యాపు

ట్రాకర్‌లో వేగపు మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ గట్టి బ్రేకులను గుర్తిస్తుంది. గురుత్వ త్వరణంలో 0.3 వంతు దగ్గర హద్దు పెట్టాము. మొదట్లో ఒక లారీకి రోజుకు 40 వచ్చాయి. చూస్తే పరికరం వదులుగా ఉండి గుంతలకు ఎగురుతోంది. బిగించాక రెండుకు తగ్గింది.

డ్రైవర్ల వారీగా మార్కులు వేసి పట్టిక పెట్టాలని ఒక ఆలోచన వచ్చింది. తొమ్మిదో వారం గుర్తుకు వచ్చి, ముందు చోట్ల వారీగా చూద్దామనుకున్నాను. మూడు వారాల బ్రేకులన్నింటినీ మ్యాపు మీద వేస్తే దాదాపు మూడో వంతు నాలుగు చోట్లే పడ్డాయి. ఆరుగురు వేర్వేరు డ్రైవర్లు ఒకే చోట గట్టిగా బ్రేకు వేస్తున్నారంటే ఆ చోటులోనే ఏదో ఉంది. పెద్ద డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మ్యాపు చూపించాను. ఆయన చూస్తూనే చెప్పారు: ఒకటి దిగుడు చివర కనిపించని మలుపు, రెండోది పక్క దారి నుంచి వాహనాలు ఉన్నట్టుండి వచ్చే కూడలి, మూడోది రాత్రి వెలుతురు లేని వేగ నిరోధకం. నాలుగోదానికి ఆయనకూ కారణం తెలియలేదు. ఆ నాలుగు చోట్లకూ 400 మీటర్ల ముందు క్యాబిన్‌లో రెండు చిన్న బజర్ శబ్దాలు వచ్చేలా అమర్చాము. 70 వేగంతో వెళ్తున్న బండికి అది 20 సెకన్ల సమయం.

16వ వారం: లెక్క చూసుకోవడం

మొదటి నెల నోటుపుస్తకాలను ఈ నెలతో పోల్చాను. ఒకే దారి, దాదాపు ఒకే బరువు ఉన్న ట్రిప్పులను మాత్రమే తీసుకున్నాను. ఐడ్లింగ్ 1.6 గంటల నుంచి 0.7కి తగ్గింది, అంటే అన్ని లారీలకు కలిపి రోజుకు సుమారు 38 లీటర్లు. వేగం తగ్గడం వల్ల మిగిలింది ఇంకా స్పష్టంగా తేలలేదు, లోడు మార్పుల మధ్య అది మరుగున పడుతోంది. మరో రెండు నెలలు చూడాలి. పరికరాలు, సిమ్‌లు, సర్వర్, ఎలక్ట్రీషియన్ కూలి అన్నీ కలిపి లెక్క వేస్తే ఒక్క ఐడ్లింగ్ మిగులుతోనే ఏడో నెలకు పెట్టుబడి తిరిగి వస్తుంది. ఇంధన సెన్సర్లు మాత్రం ఇంతవరకు ఒక్క దొంగతనాన్నీ పట్టలేదు. వాటి ఖర్చును నేను ఇంకా సమర్థించుకోలేను, కాబట్టి మిగిలిన లారీలకు కొనడం లేదు. నడుస్తున్న బండికి ఫోన్ చేయడం మూడు వారాలుగా పూర్తిగా ఆగిపోయింది.

90 రోజులు దాటిన స్థానాలను చెరిపే ప్రోగ్రాము ఈ ఆదివారం మొదటిసారి నడిచింది. అది నడిచిందని డ్రైవర్లకు తెర మీద చూపించాను. తర్వాత పెద్ద డ్రైవర్ తన ట్రిప్పు తెరిచి, నాలుగో చోటును పెద్దది చేసి చూసి, ఈసారి ఆ దారిలో పోయినప్పుడు పగలు ఆగి చూసి వస్తానన్నారు. గురువారం ఆయన లోడు అటే వెళ్తోంది. చేరే సమయానికి అరగంట కలిపి రాశాను.